రీకాల్ లేదంటే బ్రేక్ లైను బాగున్నట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరిగాక మా వర్క్‌షాపుకు తుప్పు పట్టిన బ్రేక్ లైన్లతో కార్లు వరుస కడతాయి. బ్రేక్ ఆయిల్‌ను చక్రాల దాకా తీసుకెళ్లే సన్నని ఉక్కు గొట్టాలే ఈ లైన్లు. ఇక్కడి తెలుగువారిలో పాత కారు కొనుక్కున్నవాళ్లు చాలామందే వస్తుంటారు. లిఫ్టు కింద నిలబడి వాళ్లు చెప్పే మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: మా కారుకు రీకాల్ రాలేదు, కాబట్టి లైన్లకు ఢోకా లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. తయారీలోనో డిజైనులోనో భద్రతా లోపం ఉందని తేలితేనే రీకాల్ వస్తుంది, అంటే కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిచి బాగుచేస్తుంది. తుప్పు పట్టిన ప్రతి లైనూ ఆ లెక్కలోకి రాదు. 2014లో సుబారు తన లెగసీ, అవుట్‌బ్యాక్, ఇంప్రెజా, ఫారెస్టర్ కార్లలో దాదాపు 6,60,000 వాహనాలను బ్రేక్ లైన్ల తుప్పు కారణంగానే వెనక్కి పిలిచింది. అదీ ఉప్పు వాడే 20 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ వరకే.

జనరల్ మోటార్స్ విషయంలో కథ వేరుగా ముగిసింది. 1999-2003 మోడల్ పికప్‌లు, ఎస్‌యూవీలు సుమారు 50 లక్షల మీద అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఏళ్ల తరబడి విచారణ జరిపి, 2015 ఏప్రిల్‌లో రీకాల్ లేకుండానే మూసేసింది. అది తయారీ లోపం కాదు, వాడకంలో వచ్చిన అరుగుదల అని తేల్చింది. ఏడెనిమిదేళ్లు ఉప్పు తగిలితే లైన్లు పగిలే ముప్పు పెరుగుతుందని చెప్పి, కారు అడుగుభాగం కడిగించండి, తనిఖీ చేయించండి అని సలహా ఇచ్చింది. అంటే లైను మార్పించుకునే ఖర్చు యజమానిదే. ఆ తీర్పు నాకు మింగుడుపడలేదు గానీ సలహా మాత్రం మంచిదే.

అపోహ: టెక్సాస్‌లో ఉప్పు ఉండదు, మాకు ఈ గొడవ లేదు.

చక్రం దగ్గర ఉండేది రబ్బరు హోసు. అది పగలడానికి ఉప్పు అక్కర్లేదు. 2023లో ఫోర్డ్ 2013-18 మోడల్ ఫ్యూజన్, లింకన్ ఎంకేజెడ్ కార్లు సుమారు 12.8 లక్షలను ముందు బ్రేక్ హోసుల కోసమే వెనక్కి పిలిచింది.

అపోహ: వారంటీ దాటింది, పైగా నేను రెండో యజమానిని.

రీకాల్ కారుతోపాటే వస్తుంది, యజమాని ఎవరైనా ఒకటే. లోపం నిర్ధారించిన నాటికి కారు మొదటిసారి అమ్ముడై 15 ఏళ్లు దాటకపోతే రిపేరు ఉచితం. చిక్కల్లా ఉత్తరంతోనే. అది పాత యజమాని చిరునామాకు పోవచ్చు, లేదా క్రెడిట్ కార్డు ప్రకటనలతో కలిసి చెత్తబుట్టలో పడవచ్చు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కారు 17 అక్షరాల విన్ (గుర్తింపు) నంబరు కొట్టి చూడండి, వీలైతే కొనకముందే. 35కు మించి కార్లున్న అద్దె కంపెనీలు రీకాల్ పని చేయించకుండా కారు అద్దెకివ్వకూడదని 2016 నుంచి చట్టం ఉంది. పాత కార్లు అమ్మే డీలర్లకు అలాంటి ఫెడరల్ నిబంధన ఏదీ లేదు!

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే మళ్లీ పోస్తే సరి.

అది ఇంజిన్ ఆయిల్‌లా కాలిపోయేది కాదు. ప్యాడ్లు అరిగేకొద్దీ మెల్లగా మట్టం దిగుతుంది. పోసిన కొద్ది రోజులకే మళ్లీ దిగితే ఎక్కడో కారుతున్నట్టే.

అపోహ: బ్రేకులకు రెండు సర్క్యూట్లు (వేర్వేరు ఆయిల్ దారులు) ఉంటాయి, ఒకటి పోయినా కారు ఆగుతుంది.

ఆగుతుంది, కానీ మీరు అనుకున్న చోట కాదు. పెడల్ లోతుకు దిగిపోతుంది, మిగిలేది కొంత బ్రేకే. డాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేకు దీపం వెలిగి పెడల్ మెత్తబడితే వర్క్‌షాపు దాకా నడిపి చూద్దామనుకోకండి, టో ట్రక్కును పిలవండి.

రిపేరు చేయించేటప్పుడు ఇంకో మాట. తుప్పు పట్టిన ముక్క మాత్రమే కోసేసి కంప్రెషన్ ఫిట్టింగుతో (నట్టు బిగించి గొట్టాలను కలిపే జోడింపుతో) అతికిస్తామంటే ఒప్పుకోకండి. బ్రేకు ఒత్తిడికి ఆ అతుకు నమ్మదగ్గది కాదు. గొట్టం కొసలకు సరైన ఫ్లేర్ చేసి (గరాటులా వెడల్పు చేసి), కుదిరితే రాగి-నికెల్ గొట్టం వేయమనండి. అది ఉప్పుకు ఉక్కు కంటే బాగా తట్టుకుంటుంది. రసీదు దాచుకోండి. తర్వాత అదే లోపానికి రీకాల్ వస్తే కంపెనీ నుంచి ఆ డబ్బు తిరిగి అడగడానికి పనికొస్తుంది.