డీమార్క్ పెట్టాం కదా, ఇంకేం భయం?

గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే ఒకాయన ఫోన్ చేశారు. ‘మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి’ అని ఆయన అడ్రస్ నుంచే బయటి దేశపు కొనుగోలుదారుకు మెయిల్ వెళ్లిందట. ‘మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చానండీ, అయినా ఆగట్లేదు’ అన్నారు. ఆగదు మరి. ఈమెయిల్ భద్రత చూసే ఈ పనిలో నేను రోజూ వినే మొదటి అపోహ ఇదే.

అపోహ: మా పేరుతో మెయిల్ వెళ్లిందంటే మా అకౌంట్ హ్యాక్ అయినట్టే.

కానక్కర్లేదు. మెయిల్ పంపే ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతి 1982 నాటిది. పంపేవాడు ‘ఫ్రమ్’లో ఏం రాస్తే అదే చెల్లుతుంది, నువ్వెవరని అడిగే ఏర్పాటు అందులో లేదు. హ్యాకా, నకిలీయా తేల్చుకోవాలంటే అందుకున్నవాళ్లను జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ నొక్కి చూడమనండి. అందులో మూడు పరీక్షల ఫలితాలుంటాయి: ఎస్‌పీఎఫ్ (ఆ పేరుతో పంపొచ్చని రాసిపెట్టిన సర్వర్ల జాబితా), డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండింటినీ ఫ్రమ్‌తో పోల్చే నియమం). మూడూ పాస్ అని ఉంటే అప్పుడు మీ అకౌంట్‌నే అనుమానించాలి. పాస్‌వర్డ్‌తో పాటు ఎవరైనా మీ మెయిల్స్ తమకు వెళ్లేలా ఫార్వర్డింగ్ రూల్ పెట్టి పోయారేమో కూడా చూడాలి. మా మిర్చి వ్యాపారి మెయిల్‌లో డీమార్క్ అన్న వరుసే లేదు. ఎస్‌పీఎఫ్ మాత్రం పాస్!

అపోహ: ఎస్‌పీఎఫ్ పాస్ అయితే అసలు మెయిలే.

తికమకంతా ఇక్కడే. ఉత్తరానికి కవరు మీద ఒక పేరుంటుంది, లోపల లెటర్‌హెడ్ మీద ఒక పేరుంటుంది. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది పేరు, అంటే రిటర్న్-పాత్. మనిషి కంటికి కనిపించేది లెటర్‌హెడ్, అంటే ఫ్రమ్. దొంగ కవరు మీద తన సొంత డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) రాసుకుని, దానికి శుభ్రంగా ఎస్‌పీఎఫ్ పెట్టుకుని, లెటర్‌హెడ్ మాత్రం మీది వాడతాడు. డీకిమ్ సంతకమూ అంతే, ఏ డొమైన్ అయినా చేయొచ్చు. ఈ రెండింటిలో కనీసం ఒకటి పాసై, ఆ డొమైన్ ఫ్రమ్‌లోని డొమైన్‌తో కలుస్తోందా అని అడిగేది డీమార్క్. దాన్నే అలైన్‌మెంట్ అంటాం.

ఇంకో మాట. కొత్త మెయిల్ సర్వీసు తీసుకున్నప్పుడల్లా డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ల వివరాలుండే ఇంటర్నెట్ చిరునామా పుస్తకంలో, ఇంకో ఎస్‌పీఎఫ్ రికార్డు చేర్చేవాళ్లున్నారు. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. ఆ ఒక్కదాంట్లోనూ డీఎన్‌ఎస్ లుకప్‌లు (ఆ పుస్తకంలో వెతకడాలు) 10 దాటకూడదు.

అపోహ: డీమార్క్ రికార్డు ఉంది, మేం సేఫ్.

ఫెయిలైన మెయిల్‌ను ఏం చేయాలో అందులో చెప్పే పాలసీ ఏమిటో చూశారా? 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద సంఖ్యలో మెయిల్స్ పంపేవాళ్లకు డీమార్క్ తప్పనిసరి చేశాయి. జీమెయిల్ లెక్కలో రోజుకు 5,000 పైన. మెయిల్స్ స్పామ్‌లో పడకపోతే చాలని అందరూ ఎక్కడో దొరికిన లైను కాపీ కొట్టి పెట్టేశారు. అందులో ‘పి=నన్’ అని ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వచ్చినవాడి పేరు రిజిస్టర్‌లో రాసుకుని, దొంగైనా సరే ‘వెళ్లండి సార్’ అని లోపలికి పంపే వాచ్‌మన్ లాంటిది నన్. స్పామ్‌లో వేయమనేది క్వారంటైన్, తిప్పికొట్టమనేది రిజెక్ట్.

అలాగని ఈ రాత్రికే రిజెక్ట్ పెట్టేయకండి. 2014 ఏప్రిల్‌లో యాహూ అలా పెట్టినప్పుడు యాహూ అడ్రస్‌లతో మెయిలింగ్ లిస్టులకు (ఒక అడ్రస్‌కు రాస్తే సభ్యులందరికీ వెళ్లేవి) రాసేవాళ్ల ఉత్తరాలు కుప్పలుగా వెనక్కొచ్చాయి. ముందు నన్‌లో ఉంచి, డీమార్క్ రికార్డులో ‘రుఆ’ దగ్గర రాసిన అడ్రస్‌కు వచ్చే రిపోర్టులు కొన్ని వారాలు చదవాలి. అవి ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు, చూడగానే తలనొప్పి వస్తుంది. కానీ మీ పేరుతో ఏ ఐపీల (సర్వర్ల నంబర్ల) నుంచి మెయిల్స్ వెళ్తున్నాయో అందులోనే తెలుస్తుంది. మా వ్యాపారికీ అలాగే నన్‌తో రికార్డు పెట్టి చూస్తే, దొంగతో పాటు ఆయన సొంత బిల్లింగ్ సాఫ్ట్‌వేరూ, వెబ్‌సైట్‌లోని ఎంక్వైరీ ఫారమూ ఫెయిల్ అవుతున్నాయి. అప్పటికే రిజెక్ట్ పెట్టి ఉంటే ఇన్‌వాయిస్‌లు ఆగిపోయేవి. రెండింటికీ డీకిమ్ పెట్టించి, తర్వాత క్వారంటైన్‌కు, ఆ తర్వాత రిజెక్ట్‌కు వెళ్లాం. డీకిమ్‌నే ఎందుకంటే, మెయిల్‌ను ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే ఎస్‌పీఎఫ్ సాధారణంగా విరిగిపోతుంది, లోపలి మాట మారనంత వరకు సంతకం నిలుస్తుంది.

అపోహ: ఆ డొమైన్ నుంచి మెయిలే పంపం, దానికెందుకు?

పంపరు కాబట్టే దొంగకు ముద్దు. ఎస్‌పీఎఫ్‌లో ఎవరినీ రాయకుండా ‘మైనస్ ఆల్’ (ఎవరూ పంపకూడదని), డీమార్క్‌లో రిజెక్ట్. రెండు లైన్లు, అయిదు నిమిషాలు.

అపోహ: రిజెక్ట్ పెట్టాక నకిలీ మెయిల్స్ రావు.

మీ డొమైన్‌ను అచ్చంగా వాడేవాటినే అది ఆపుతుంది, అదీ అవతలి సర్వర్ మీ మాట మన్నిస్తే. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పెడితే ఎమ్‌లా కనిపిస్తాయి. అలాంటి డొమైన్ కొని దానికే డీమార్క్ పెట్టుకునే దొంగను మీ రికార్డు ఏమీ చేయలేదు. ఈ బెడదకే రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారమంది. వాటిని రిజిస్టర్ చేసేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, రిజర్వ్ బ్యాంకు పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ. బ్యాంకు కానివాళ్లకు ఆ పేరు దొరకదు.

మిర్చి వ్యాపారికి ఆ సౌకర్యం లేదు. అందుకని ఇప్పుడు ఆయన ప్రతి ఇన్‌వాయిస్ అడుగునా ఎర్ర అక్షరాల్లో ఒక లైను వేయిస్తున్నారు: ‘మా ఖాతా మారిందని మెయిల్ వస్తే, డబ్బు వేసేముందు మీ దగ్గరున్న పాత నంబరుకే ఫోన్ చేయండి.’