గన్నేరు కాయల గురించి అమ్మమ్మ ఉత్తరం

చిన్నీ, బుజ్జీ,

మొన్న సెలవుల్లో మీరు బువ్వాలాట ఆడుకుంటూ పచ్చ గన్నేరు కాయలు ఏరి గిన్నెలో వేశారు. నేను గిన్నె లాక్కుని గట్టిగా కేకలేశాను. బుజ్జి ఏడ్చేసింది. ఎందుకో చెప్పకుండా కేకలేయడం నాదే తప్పు. ఇప్పుడు చెబుతాను.

పచ్చ గన్నేరు ఆకు తుంచితే తెల్లగా పాలు కారతాయి, చూశారుగా. ఆ పాలల్లో, ఆకులో, పువ్వులో విషం ఉంది. కాయ లోపలి గింజలో ఇంకా ఎక్కువ. రోడ్ల మధ్య డివైడర్ల మీద పెంచే గులాబీ రంగు గన్నేరులోనూ అలాంటి విషమే ఉంటుంది. ఆ భయంతోనే 2024లో కేరళలో చాలా గుళ్ళలో నైవేద్యంలో, ప్రసాదంలో గన్నేరు పూలు వాడటం మానేశారు.

మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూడండి. టక్ టక్ అని వరసగా కొట్టుకుంటుంది కదా. గుండె కండరంలో ప్రతి కణానికీ కంటికి కనపడని పంపులుంటాయి. అవి సోడియంను బయటికి తోడుతూ, పొటాషియంను లోపలికి లాగుతుంటాయి. గన్నేరు విషం ఆ పంపులను ఆపేస్తుంది. కణంలో సోడియం, దాంతోపాటు కాల్షియం పేరుకుపోతాయి. రక్తంలో పొటాషియం పెరుగుతుంది. గుండె పై గదుల నుంచి కింది గదులకు కబురు సరిగా అందదు. కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, మధ్యమధ్య తప్పుతుంది, ఒక్కోసారి అడ్డదిడ్డంగా పరుగెడుతుంది. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే.

తాతయ్య గుండెకు వేసుకున్న డిజాక్సిన్ మాత్ర కూడా ఈ జాతి మందే. అది ఫాక్స్‌గ్లవ్ అనే పూలమొక్క నుంచి వచ్చింది. ఆ మొక్క మందుగా ఎలా పనిచేస్తుందో, మోతాదు మించితే ఏమవుతుందో విలియం విదరింగ్ అనే ఇంగ్లండు డాక్టరు 1785లోనే పుస్తకం రాశాడు. తాతయ్య మాత్ర నేనే లెక్క చూసి ఇచ్చేదాన్ని, ఒక్కటి ఎక్కువైనా ముప్పని.

ఎవరైనా పొరపాటున నోట్లో పెట్టుకుంటే వెంటనే పెద్దవాళ్ళకి చెప్పండి. తిడతారని దాచొద్దు. ఉప్పునీళ్ళు, చింతపండు నీళ్ళు తాగించి వాంతి చేయించకూడదు. 108కి ఫోన్ చేసి, తిన్న కాయో ఆకో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. వాంతులు తగ్గి పిల్లాడు బాగానే కనిపించినా ఈసీజీ తీసి, గుండెను కనిపెట్టుకుని ఉంటారు. విషం గంటల తర్వాత కూడా దెబ్బ తీయగలదు. గుండె మరీ నెమ్మదిస్తే వేగం పెంచే అట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తారు, గుండెను కొట్టించే పేస్‌మేకర్ యంత్రం తాత్కాలికంగా పెడతారు.

రాలిన కాయలన్నీ ఏరి గొయ్యి తీసి పూడ్చాను. కాలిస్తే పొగ కూడా మంచిది కాదు. చెట్టు కొట్టేయలేదు. పొద్దున్నే నాలుగు పూలు కోసి శివుడికి పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కాఫీ తాగాను.

మీ అమ్మమ్మ