బబులోను చెరలో యెహోయాకీను: అపోహలు - వాస్తవాలు

పాత నిబంధన చరిత్ర చెప్పేవాళ్లకు ఈ యూదా రాజుతో ఎప్పుడూ తలనొప్పే. తండ్రి యెహోయాకీము, కొడుకు యెహోయాకీను, మళ్లీ ఇతన్నే యెకొన్యా అనీ కొన్యా అనీ అంటారు. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

అపోహ: ఇతని కళ్లు పెరికి, సంకెళ్లేసి తీసుకెళ్లారు.
కాదండీ, అది సిద్కియా, ఇతని తర్వాత రాజైన పినతండ్రి. యెహోయాకీను 18 ఏళ్లకు గద్దెనెక్కి మూడు నెలలే ఏలాడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును ముట్టడిస్తుండగానే తల్లినీ అధికారులనీ వెంటబెట్టుకుని బయటికొచ్చి లొంగిపోయాడు. దేవాలయం తగలబడింది కూడా అప్పుడు కాదు, పదేళ్లు దాటాక, సిద్కియా తిరగబడినందుకు. లొంగినవాడికీ మాట తప్పినవాడికీ నెబుకద్నెజరు ఒకే శిక్ష వెయ్యలేదు.

అపోహ: చెరలో ఉన్న 37 ఏళ్లూ చీకటి కొట్లోనే ఉన్నాడు.
నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం ఇక్కడే ఉంది. బబులోను రాజభవనంలో జర్మన్లు తవ్వితే రేషన్ లెక్కలు రాసిన మట్టి పలకలు దొరికాయి, వాటిని 1939లో వైడ్నర్ అనే పండితుడు ప్రచురించాడు. వాటిలో ఇతని పేరు ఉంది, అదీ "యూదా రాజు" అనే హోదాతో! ఒక పలకలో రాజుకు 10 సీలాల నూనె (సీలా అంటే మన లీటరుకు దగ్గర), అయిదుగురు కొడుకులకూ కలిపి రెండున్నర. ఒక్క మనిషికి అంత నూనె ఎందుకు? నాకైతే అది అతని ఇంటి మొత్తానికి ఇచ్చిన వాటా అనిపిస్తుంది. ఒక పలక మీద క్రీ.పూ. 592 నాటి తేదీ ఉంది, అంటే చెరకొచ్చిన అయిదేళ్లకే కొడుకులు కూడా లెక్కలోకి వచ్చేశారు. అలాగని హాయిగా ఉన్నాడనీ కాదు, రెండో రాజులు గ్రంథం చెరసాల గురించీ, మార్చుకున్న ఖైదీ బట్టల గురించీ స్పష్టంగానే చెబుతుంది కాబట్టి, మధ్యలో ఎప్పుడో కట్టడి బిగిసి ఉండాలి.

అపోహ: విడుదలై యెరూషలేము వెళ్లిపోయాడు.
లేదు. నెబుకద్నెజరు కొడుకు ఎవీల్మెరోదకు రాజయ్యాక చెరసాల నుంచి బయటికి తెచ్చి తన బల్ల దగ్గర భోజనం పెట్టించాడు, అంతే. బతికినన్నాళ్లూ బబులోనులోనే.

అపోహ: యిర్మీయా శపించాడు కాబట్టి పిల్లలే లేరు.
మట్టి పలకలే కాదు, బైబిల్లోని దినవృత్తాంతాల గ్రంథం కూడా ఈ మాట ఒప్పుకోదు. యిర్మీయా శాపం ఉన్న ఆ వచనం చివరిదాకా చదవండి, అక్కడున్నది అతని సంతానంలో ఎవరూ దావీదు సింహాసనం ఎక్కరని. మనవడు జెరుబ్బాబెలు తిరిగొచ్చి యూదాను పాలించాడు, కానీ పారసీకుల కింద అధికారిగా, రాజుగా కాదు.