తుపాకీ గొట్టం ఊగితేనే గురి కుదురుతుందా?

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు, 50 మీటర్ల రైఫిల్ పోటీలకు సాధన చేస్తున్న తన కుమార్తె కోసం గొట్టం చివర బిగించే ట్యూనర్ కొనవచ్చా, అది గొట్టం కంపనాన్ని నిజంగా ఆపుతుందా అని అడిగారు. ఆపదు. ఆపవలసిన అవసరం కూడా లేదన్నదే ఇందులోని అసలు విశేషం.

బడిలో స్టీలు స్కేలును బల్ల అంచున సగం బయటికి పెట్టి, వేలితో నొక్కి వదలనివారు ఉండరు. (అందుకు తరగతి బయట నిలబెట్టే ఉపాధ్యాయులే ఆ కంపనాన్ని పై తరగతుల్లో సూత్రంగా రాసి బట్టీ పట్టించడం మన చదువుల విచిత్రం.) రైఫిల్ గొట్టానికి కూడా ఒక కొస బిగించి ఉంటుంది, మూతి ఊగడానికి వీలుగా ఉంటుంది. స్కేలు బయటి పొడవు రెట్టింపైతే పౌనఃపున్యం నాలుగో వంతుకు పడిపోతుంది. చివర రబ్బరు ముక్క అంటిస్తే ఊపు ఇంకా నెమ్మదిస్తుంది. ఆ రబ్బరు ముక్కే ట్యూనర్. స్కేలులో కంటికి కనిపించే పెద్ద ఊపుతోపాటు, దానికి సుమారు 6.27 రెట్లు, 17.55 రెట్లు పౌనఃపున్యం గల చిన్న ఊపులు కూడా ఉంటాయి. ఈ పోటీల్లో వాడే పాయింట్ టూటూ (.22 అంగుళాల) రైఫిల్లో గుండు గొట్టం దాటడానికి పట్టే 2, 3 మిల్లీసెకన్లలో మూతి ఎటు చూస్తుందో తేల్చేది వీటన్నిటి కలయిక. రబ్బరును కొద్దిగా ముందుకు జరిపితే ఊపు ఆగదు, గుండు బయటపడే క్షణానికి ఊపు ఏ దశలో ఉంటుందన్నది మారుతుంది.

ఆ దశ ఎందుకు ముఖ్యమో లెక్క వేసి చూద్దాం. ఒకే పెట్టెలోని తూటాలలో ఒకదాని గుండు సెకనుకు 330 మీటర్ల వేగంతో, మరొకదానిది 320 మీటర్ల వేగంతో వెళ్లిందనుకుందాం. గాలి నిరోధాన్ని వదిలేసినా, 50 మీటర్లు చేరేసరికి రెండోది సుమారు 7 మిల్లీమీటర్లు ఎక్కువగా కిందికి దిగుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే. అయితే నెమ్మదైన గుండు మూతిని కూడా ఆలస్యంగానే, సెకనులో లక్షో వంతులు ఏడో ఎనిమిదో తేడాతో చేరుతుంది. ఆ వ్యవధిలో మూతి పైకి లేస్తూ 0.14 మిల్లీరేడియన్ (మీటరు దూరానికి 0.14 మిల్లీమీటరు జరిపేంత కోణం) తిరిగిందంటే, స్థూలంగా, ఆ 7 మిల్లీమీటర్ల లోటు పూడిపోతుంది. కదలని గొట్టం ఈ ఉపకారం చేయలేదు.

రైఫిల్ గొట్టాల కంపనాలపై మాలక్ అనే శాస్త్రవేత్త వ్యాసాన్ని లండన్ రాయల్ సొసైటీ 1901లోనే ప్రచురించింది. మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు కనిపించిన త్రీనాట్‌త్రీ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్, ఈ సర్దుబాటుకు పేరు పొందింది. దాని గొట్టం ఊపు దూరపు గురికి, సుమారు 1000 గజాలకు, అనుకూలించేది. దగ్గరి లక్ష్యంపై అదే సర్దుబాటు మోతాదు మించి, నెమ్మదైన గుళ్లు పైన తగిలేవి. ఒక దూరానికి కుదిరిన ట్యూనింగ్ మరో దూరానికి కుదరకపోవడానికి కారణం ఇదే.

ట్యూనర్ ఏదో ఒక గీత మీద ఉన్నప్పుడు ఐదు గుళ్లు దగ్గరగా పడితే, దాన్ని అదృష్ట సంఖ్యగా పట్టుకుని వదలనివారున్నారు. కారుకు 9999 నంబరు కోసం వేలంలో లక్షలు పోసే హైదరాబాద్‌లో ఇది వింత కాదు గానీ, ఐదు గుళ్లు యాదృచ్ఛికంగానూ దగ్గరగా పడగలవు. పాఠకుడికి నా సలహా: ముందు క్రోనోగ్రాఫ్‌తో (గుండు వేగాన్ని కొలిచే పరికరం) ప్రతి గుండు వేగాన్నీ, అది తగిలిన ఎత్తునూ పక్కపక్కన రాయించండి. నెమ్మదైనవి క్రమంగా కింద పడుతుంటే ట్యూనర్‌కు పని ఉంది. గుళ్లు అడ్డంగా చెదురుతుంటే గాలినో, ట్రిగ్గర్ లాగే వేలినో చూసుకోవాలి; ఆ డబ్బుతో మంచి తూటాలు కొనడం మేలు.