హెచ్‌ఐవీ నెగటివ్ వచ్చాక ఏం చేయాలి? అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఐవీ పరీక్షకు వచ్చేవారిలో ఎక్కువమందికి వచ్చేది నెగటివ్ రిపోర్టే. ఆ మాట చెవిన పడగానే కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ కుర్చీలోంచి లేస్తారు. పాజిటివ్ వస్తే ఏం చేయాలో మా కౌన్సెలర్లకు కొట్టినపిండి: మందులు, పరీక్షలు, రాకపోతే ఫోను చేసి ఆరా తీయడం. నెగటివ్ వచ్చినవారికి మాత్రం ఒక కరపత్రం చేతిలో పెట్టి పంపేస్తాం. దీనికి కారణమైన అపోహలు పరీక్షకు వచ్చేవారిలో ఎన్ని ఉన్నాయో, బల్లకు ఇవతల కూర్చునే మాలోనూ అన్నే ఉన్నాయి.

అపోహ: నెగటివ్ అంటే ఒంట్లో వైరస్ లేనట్టే.

వాస్తవం: ఇటీవల సోకి ఉంటే పరీక్షకు దొరకకపోవచ్చు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే యాంటీబాడీ పరీక్షలో బయటపడటానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. ప్రయోగశాలలో చేసే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్షకైతే 18 నుంచి 45 రోజులు. ఇదే విండో పీరియడ్. చిక్కేమిటంటే, సోకిన తొలి వారాల్లోనే రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, ఇతరులకు సోకే అవకాశమూ అప్పుడే ఎక్కువ.

అందుకే రిపోర్టు చేతికివ్వకముందే ఒక ప్రశ్న అడుగుతాను: "కండోమ్ లేకుండా చివరిసారి కలిసింది ఎప్పుడు?" నిన్న రాత్రి అన్నారనుకోండి, రిపోర్టు పక్కన పెట్టి పెప్ గురించి, అంటే ముప్పు ఎదురైన వెంటనే హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందుల గురించి మాట్లాడాలి. ఆ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, 28 రోజులు వాడాలి. అదే మూడు వారాల కిందట అని చెప్పి, మధ్యలో జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వచ్చాయంటే వైరస్‌ను నేరుగా పట్టే ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు పంపాలి.

అపోహ: నెగటివ్ వచ్చినవారికి జాగ్రత్తగా ఉండమని చెబితే చాలు.

వాస్తవం: అంతకంటే గట్టి సాధనం మన దగ్గర ఉంది. ప్రెప్ అంటే హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వాడే మందు. టెనోఫోవిర్, ఎమ్ట్రిసిటాబిన్ అనే రెండు మందులు కలిసిన ప్రెప్ మాత్రను రోజూ తప్పకుండా వేసుకుంటే లైంగికంగా హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది. ముప్పు ఎక్కువగా ఉన్న అందరికీ ప్రెప్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సిఫారసు చేసింది. రోజూ మాత్ర కుదరనివారికి రెండు నెలలకోసారి ఇచ్చే కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్ వచ్చింది. ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకపవిర్‌నూ ఆ సంస్థ 2025లో సిఫారసు చేసింది.

అపోహ: ప్రెప్ ఇచ్చే చోటి చిరునామా రాసిస్తే మా బాధ్యత తీరినట్టే.

వాస్తవం: చీటీ చాలాసార్లు గుమ్మం దాటగానే చెత్తబుట్టలో పడుతుంది. వ్యక్తి ఎదుటే ఉండగా ప్రెప్ క్లినిక్‌కు ఫోను చేసి, తేదీ, సమయం ఖాయం చేయాలి. అక్కడ ఎవరిని కలవాలో పేరుతో సహా చెప్పాలి. వీలుంటే వెంట ఒకరు వెళ్లాలి. అంతకన్నా మేలైన దారి, అదే రోజు మందు మొదలుపెట్టడం: కిడ్నీల పనితీరుకు, హెపటైటిస్-బికి రక్తం తీసుకుని, ఇబ్బంది సూచనలేవీ లేకపోతే మాత్రలు చేతికిచ్చి, ఫలితాలు వచ్చాక మాట్లాడటం.

ఇంకో చిన్న విషయం చాలామంది మరచిపోతారు. తర్వాత ఫోను చేయడానికి అనుమతి అడిగేటప్పుడే, "ఫోను ఇంట్లో ఇంకెవరైనా ఎత్తితే నేనెవరినని చెప్పాలి?" అని కూడా అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో ఎదుటివారి భుజాలు సడలడం కళ్లారా చూస్తుంటాం.

అపోహ: విచ్చలవిడిగా తిరిగేవారికే ప్రెప్.

వాస్తవం: ఈ మాట నాకు ఎక్కువగా వినిపించేది మా వృత్తిలోనివారి నోటే, అందుకే ఎక్కువ కోపం. భాగస్వామి పాజిటివ్ అని ఈమధ్యే తెలిసినవారు, కండోమ్ వాడమని గట్టిగా అడగలేని భార్య, సూదులతో మత్తుమందు తీసుకునేవారు, వీరందరికీ ప్రెప్ అవసరం పడవచ్చు. పాజిటివ్ వ్యక్తి క్రమంగా మందులు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగికంగా ఇతరులకు సోకదు. అయితే ఆ స్థితికి చేరడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు. నెగటివ్‌గా ఉన్న భాగస్వామికి ఆలోగా రక్షణ కావాలి కదా.

అపోహ: మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే, కిడ్నీలు పాడవుతాయి.

వాస్తవం: ముప్పు ఉన్నంతకాలం వాడితే చాలు. మొదటి వారాల్లో కొందరికి వికారం, తలనొప్పి ఉంటాయి, తగ్గిపోతాయి. కిడ్నీల మీద ప్రభావం అరుదు, మధ్యమధ్య పరీక్షతో కనిపెట్టవచ్చు. మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష మాత్రం తప్పనిసరి. హెపటైటిస్-బి ఉన్నవారు డాక్టరుకు చెప్పకుండా ఆపకూడదు, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

అపోహ: ప్రెప్ ఉంటే కండోమ్ అక్కర్లేదు.

వాస్తవం: సిఫిలిస్, గనేరియా, గర్భం... వీటిలో దేన్నీ ప్రెప్ ఆపదు.

అపోహ: నెగటివ్ వచ్చిన ప్రతి ఒక్కరినీ ప్రెప్‌కు పంపాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఏ ముప్పూ లేని వ్యక్తిని భయపెట్టి మాత్రలు అంటగట్టడం వైద్యం కాదు. కరచాలనం చేశానని, ఒకే గ్లాసులో నీళ్లు తాగానని నెలనెలా పరీక్షకు వచ్చేవారు ఉంటారు. వారికి ఇంకోసారి వేలు గుచ్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడి, అవసరమైతే ఆందోళనకు చికిత్స చేసే మానసిక వైద్యుల దగ్గరకు పంపాలి. ఆ అపాయింట్‌మెంటు కూడా వారి ఎదుటే ఫోనులో ఖాయం చేయాలి.