ఫ్లూనా, టైఫాయిడా: వానలు వెనకబట్టగానే మళ్లీ అదే తగాదా

కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో ఓపీ వరుస పెరగగానే పాత తగాదా మళ్లీ లేచింది. ఊళ్లో వైడాల్ (టైఫాయిడ్ యాంటీబాడీలు వెతికే రక్తపరీక్ష) చేయిస్తే ‘టైఫాయిడ్’ తేలుతుంది. అదే మనిషిని సర్కారు డాక్టరు చూసి ‘ఫ్లూ’ అని పారాసిటమాల్ రాసి పంపేస్తారు. పరీక్ష లేదు, సూది లేదు, సెలైన్ లేదు. సరిగా చూడలేదని ఇంటివాళ్ల కోపం.

డాక్టర్లు అలా పంపడానికి మూలం స్వైన్ ఫ్లూ కాలంలో ఉంది. 2009 మేలో దేశంలో తొలి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. కేసులు పెరిగాక అందరికీ పరీక్ష చేయడం కుదరక, కేంద్ర ఆరోగ్యశాఖ రోగులను లక్షణాలను బట్టి ఏ, బీ, సీ అని విడదీసింది. 2010 ఆగస్టులో మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినా ఆ వైరస్ పోలేదు, ఏటా వచ్చే ఫ్లూలో కలిసిపోయింది. ఆ విభజనా అలాగే కొనసాగుతోంది.

కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు ఉంటే ‘ఏ’. పరీక్ష అక్కర్లేదు, ఇంట్లోనే ఉండాలి. జ్వరం, గొంతునొప్పి తీవ్రంగా ఉన్నా, రోగి గర్భిణి, ఐదేళ్లలోపు బిడ్డ, 65 దాటిన వారు, షుగరు, గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు అయినా ‘బీ’. వీళ్లకు ఫ్లూ వైరస్ మందు ఒసెల్టామివిర్ అవసరపడొచ్చు: పెద్దలకు 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే పూర్తి ఫలం. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, రక్తం పడే కఫం, గోళ్లు నీలంగా మారడం ‘సీ’. వెంటనే చేర్చాలి, పరీక్ష చేయాలి.

ఇక టైఫాయిడ్ సంగతి. పొద్దున చేలో కలుపు తీసిన మనిషి సాయంత్రానికి వణుకుతూ మంచం పడితే, నడుము, పిక్కలు పీకుతూ పొడిదగ్గు తోడైతే, ముందు అనుమానించాల్సింది ఫ్లూనే. టైఫాయిడ్ జ్వరం రోజురోజుకూ మెట్లెక్కినట్టు పెరుగుతుంది. వైడాల్ వెతికే యాంటీబాడీలు సాధారణంగా మొదటి వారం దాటాకే పెరుగుతాయి. రెండో రోజే పాజిటివ్ వచ్చిందంటే అది ఎప్పటిదో పాత ఇన్‌ఫెక్షన్ ఆనవాలు కావచ్చు. టైఫాయిడ్‌ను నిర్ధారించేది బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష), అదీ యాంటీబయాటిక్ పడకముందు తీస్తేనే. ఫ్లూ జ్వరం మూడు నాలుగు రోజుల్లో దానంతటదే దిగుతుంది, పేరు మాత్రం సూదికి దక్కుతుంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం ఫ్లూ పెరిగినప్పుడు, ఇలాంటి జ్వరాలకు యాంటీబయాటిక్స్ వద్దని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ చెప్పింది. దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చనీ చెప్పింది.

కూలి మనిషి మంచాన పడితే ఇల్లు గడవదు, త్వరగా లేపాలి కదా అన్నది ఆర్‌ఎంపీల మాట. అవసరం నిజమే. సూదితో వైరస్ తగ్గదు.

ఇదే కాలంలో డెంగీ కూడా తిరుగుతుంది. దగ్గు, జలుబు లేకుండా కళ్ల వెనక నొప్పి, ఒంటి మీద దద్దుర్లు ఉంటే ప్లేట్‌లెట్లు చూడాలి, డైక్లోఫెనాక్ అనే నొప్పుల సూది అసలు వేయించుకోకూడదు.

డాక్టర్ల వైపు లోటు ఒకటుంది. ‘ఏ’ రోగిని 24 నుంచి 48 గంటల్లో మళ్లీ చూడాలని ఆరోగ్యశాఖ ఏ, బీ, సీ మార్గదర్శకాల్లోనే ఉంది. రద్దీలో ఆ మాట చీటీ మీద రాయడం లేదు. తగ్గిన జ్వరం ఒకటి రెండు రోజులకు తిరగబెడితే న్యుమోనియా కావచ్చు. ముసలివాళ్లలో జ్వరమే లేకుండా మాట తడబడటం, తిండి మానేయడం మాత్రమే కనిపించవచ్చు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు, రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డ 50 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే రెండో రోజు దాకా ఆగకుండా అప్పుడే తీసుకురావాలి.