ఓపీలో కంప్యూటర్ పనిచేస్తుందా?

పిల్లలూ,

ఓపీలో డాక్టరుగారు మీ నాయనమ్మ కన్నా కంప్యూటర్ వంకే ఎక్కువ చూశారని తెగ నవ్వుకున్నారట. నవ్వండి, తప్పులేదు. కానీ దానివల్ల మేలు ఉందా లేదా అన్నది కొత్త మందును పరీక్షించినట్టే పరీక్షించినవాళ్లున్నారు.

అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరు చేసిన పరిశోధన 1976లో అచ్చయింది. డాక్టరు రోగిని చూడకముందే, ఆ రోగి రికార్డును బట్టి కంప్యూటర్ ఒక కాగితం తీసి ఇచ్చేది: ఫలానా మందు వాడుతున్నారు, ఫలానా పరీక్ష రాయాలేమో చూడండి అని. తొమ్మిది మంది డాక్టర్లు కొన్నాళ్లు ఆ కాగితంతో, కొన్నాళ్లు అది లేకుండా రోగులను చూశారు. రెండుసార్లూ వాళ్లే ఎందుకంటే, వేరేవాళ్లను పెడితే మంచి డాక్టరు గొప్పతనం కంప్యూటర్ ఖాతాలో పడిపోతుంది. కాగితం ఉన్నప్పుడు పట్టించుకోవాల్సిన వాటిలో 51 శాతం పట్టించుకున్నారు. లేనప్పుడు 22 శాతమే! శిక్షణలో పైనున్నవాళ్లూ కిందున్నవాళ్లూ ఇందులో ఒక్కటే. తెలియక కాదన్నమాట. అంత రద్దీలో అన్నీ గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

అయితే అక్కడ కొలిచింది డాక్టరు ఏం చేశారన్నది. రోగికి నయమైందా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న మన పశ్చిమ గోదావరిలో అడిగారు. 18 పీహెచ్‌సీల పరిధిలోని ఊళ్లలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లను డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరుకూ ట్యాబే ఏ వైద్యం చేయాలో సూచించేది. కొందరికి ఇచ్చి కొందరికి అసలు ఇవ్వకపోతే అన్యాయం కదా, అందుకని అన్ని పీహెచ్‌సీలకూ ఇచ్చారు, కాకపోతే విడతలుగా. ఎవరి వంతు ముందు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఇంకా వంతు రానివాళ్లతో వచ్చినవాళ్లను పోల్చారు.

ఫలితం 2019లో వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు పెరిగారు. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకేమనిపిస్తుందంటే, డాక్టరు మందు మార్చాలి, ఆ మందు పీహెచ్‌సీలో దొరకాలి, మనిషి రోజూ వేసుకోవాలి. ఇందులో ఏదీ ట్యాబ్ చేతిలో లేదు. ఇంత కష్టపడ్డాక ఆశించింది రాలేదని దాచకుండా అచ్చువేశారే, అదే నాకు బాగా నచ్చింది. ఇలాంటి ట్యాబ్‌లు ఇంకో జిల్లాకు కొనేముందు అధికారులు చదవాల్సింది ఆ పరిశోధన ఫలితాలనే.

మీ తాతయ్య